కసీం సీసా

ఆ వాసన తెలిసినవాళ్ళకు చెప్పే పనిలేదు. తెలియనివాళ్ళకు ఎట్లా చెప్పాలో నాకిప్పటికీ చేతకాదు. పులిసిన బెల్లం, ఇనుప తుప్పు, వానకు తడిసిన మట్టికుండ, ఈ మూడూ కలిపి ఊహించుకోండి. శ్రీకాళహస్తిలో కలంకారీ పని జరిగే ఇళ్ళ పెరట్లో, మూతికి పాతగుడ్డ కట్టిన కుండ ఒకటి ఉంటుంది. తుప్పుపట్టిన మేకులు, విరిగిన లాడాలు, బెల్లం, నీళ్ళు. అంతే సరుకు. రెండు మూడు వారాలు పులిస్తే కసీం అవుతుంది. అమ్మవారి కనుబొమ్మ దగ్గర్నుంచి రథచక్రం ఆకుల దాకా, బొమ్మలో నల్లగీత అనేదంతా దాంట్లోంచే రావాలి.

1995 డిసెంబరులో ఆ కసీం ఒక సీసాడు పట్టుకుని, జిల్లా సైన్సు ఫెయిర్ అని మేం తిరుపతి బస్సెక్కినాం. నేనప్పుడు తొమ్మిదో తరగతి. కాళహస్తి అప్పుడింకా చిత్తూరు జిల్లాలోనే ఉంది.

అసలు ఆ సంవత్సరం మా సైన్సు సార్‌కు ఊపిరాడలేదు. సెప్టెంబరు 21, గురువారం, వినాయకుడు పాలు తాగుతున్నాడని దేశమంతా గోల. మా ఊళ్ళో మధ్యాహ్నానికి టీకొట్లలో పాలు లేవు. మా అవ్వ కూడా చిన్న గిన్నెలో పాలు, చెంచా పట్టుకుని పోయి క్యూలో నిలబడింది. ఇంటికొచ్చి, "తాగినాడు మే, నా కండ్లారా చూసినా. చెంచాలో చుక్క మిగల్లా" అనింది. మరుసటి రోజు సార్ క్లాసుకు ఒక ఇత్తడి వినాయకుణ్ణి తెచ్చినారు. పాలల్లో చిటికెడు కుంకుమ కలిపి, చెంచా అంచు తొండానికి తాకించినారు. పాలు నిజంగానే పోయినాయి. ఎక్కడికి పోయినాయంటే, తొండం మీదుగా బొజ్జ మీదికి, బొజ్జ మీదుగా బల్ల మీదికి, ఎర్రటి సన్నటి దారంలాగా. తెల్లపాలైతే ఆ దారం కంటికి ఆనదు. తర్వాత అటెండరు కొట్టే ఇత్తడి గంటకు తాకించినారు. అదీ తాగింది. ద్రవం పైపొర బిగదీసి పట్టుకునే గుణానికి తలతన్యత అని పేరు, ఆ మాట ఆరోజు మా నోటికి పట్టింది.

ఇంటికి పోయి అవ్వకు ఈ గంట సంగతి చెబితే, "స్తంభంలో ఉన్నోడు గంటలో ఉండడా?" అనింది. దానికి నా దగ్గర తలతన్యత లేదు.

నెల తిరిగేసరికి సూర్యగ్రహణం. అక్టోబరు 24, దీపావళి మరుసటి రోజు పొద్దున. రాజస్థాన్ నుంచి బెంగాల్ దాకా ఒక సన్నటి పట్టీలో సంపూర్ణం, మాకు పాక్షికం. గ్రహణమంటే తిరుమల కొండ మీద కూడా తలుపులు వేస్తారు, మా కాళహస్తి గుడి మాత్రం తెరిచే ఉంటుంది. రాహుకేతువుల క్షేత్రం కదా. అవ్వ గుళ్ళో, నేను స్కూలు గ్రౌండులో వేపచెట్టు కింద. సెలవు రోజే అయినా సార్ రమ్మన్నారు. ఆకుల సందుల్లోంచి నేల మీద పడే వెలుగు చుక్కలన్నీ గుండ్రంగా కాక నెలవంకల్లా ఉన్నాయి. వందలు. తర్వాత ఫెయిర్‌కు నా జోడీగా వచ్చిన పిల్ల తన తెల్ల ఓణీ చాపి పట్టుకుంటే ఓణీ నిండా నెలవంకలే. ప్రతి ఆకుసందూ ఒక సూదిబెజ్జం కెమెరా అమ్మా అన్నారు సార్. మబ్బొచ్చి అన్నీ ఒక్కసారిగా ఆరిపోతే మేం 'అయ్యో' అని అరిచినాం. గ్రహణం పడితే మూల కూర్చోమని చెప్పే ఇళ్ళలోంచి వచ్చిన ఆడపిల్లలం, గ్రహణం కనబడనందుకు అరిచినాం.

ఆ ఊపులోనే నవంబరులో సైన్సు ఫెయిర్ కాగితం వచ్చింది.

సైన్సు ఫెయిర్ అంటే అప్పట్లో మెట్లుమెట్లుగా ఉండేది. కిందిమెట్టులో నెగ్గితే జిల్లా, జిల్లాలో నెగ్గితే రాష్ట్రం, అక్కడా నెగ్గితే ఎన్‌సీఈఆర్‌టీ వాళ్ళు జవహర్‌లాల్ నెహ్రూ పేరిట జరిపే జాతీయ ప్రదర్శన. ఆ చివరిమెట్టు మాకు స్వర్గం లాంటిది, ఉందని వినడమే గానీ పోయొచ్చినవాళ్ళు మా ఎరుకలో లేరు. ఎక్కడ చూసినా ఉండేవి అవే సరుకులు. అగరుబత్తి డబ్బాతో పెరిస్కోపు, నీళ్ళట్యాంకు నిండితే మోగే బజరు, గోబర్ గ్యాస్, అట్టపెట్టెకు వెండికాగితం అంటించిన సోలార్ కుక్కరు. వీటన్నిటి మధ్యలో అగ్నిపర్వతం. స్కూలుకొకటి తప్పనిసరి. మట్టిగుట్ట నెత్తిన నారింజరంగు అమ్మోనియం డైక్రోమేట్ పోసి అగ్గిపుల్ల గీస్తే, మిణుగురులు చిమ్ముతూ ఆకుపచ్చటి బూడిద ఉబికి వస్తుంది. మాకది పండగ. సార్‌కు అదంటే ఒళ్ళుమంట. "ఆ క్రోమియం విషం, పిల్లకాయల ముక్కుల్లోకి పోతుంది. పైగా మన జిల్లాలో అగ్నిపర్వతం ఎక్కడుందని?" అనేవారు.

సార్ అప్పటికే బాలల సైన్సు కాంగ్రెస్ పనుల్లో తిరిగేవారు. అది 1993లో మొదలైంది. పదేళ్ళ నుంచి పదిహేడేళ్ళ పిల్లలు జట్టుగా కూడి, తమ చుట్టుపక్కల ఉన్న సంగతినే పట్టుకుని పరిశీలించాలి, థర్మోకోల్ బొమ్మలు కుదరవు. ఆ గాలి సార్‌కు బాగా సోకింది. మమ్మల్ని వరసగా నిలబెట్టి, "కాళహస్తి అంటే బయటివాళ్ళకు ఏం గుర్తొస్తుంది?" అని అడిగినారు. వాయులింగం అన్నారు కొందరు, కలంకారీ అన్నారు కొందరు. వాయులింగం జోలికి పోలేం గాబట్టి రెండోది ఖాయమైంది.

"దీని అవ్వ ఆ పనికే పోతుంది సార్" అనేసింది నా జోడీ.

నాకు భూమిలోకి కుంగిపోవాలనిపించింది. అవ్వ బొమ్మలేసే మనిషి కాదు. గుడ్డ నానబెట్టి, తడిపి, ఏటికి పోయి జాడించే కూలిమనిషి. గోళ్ళు ఎప్పుడూ నల్లగా ఉండేవి. ఎంత రుద్దినా పోవు. చిన్నప్పుడు ఎవరో పిల్ల "మీ అవ్వ చేతులు కడుక్కోదా?" అని అడిగింది, అప్పట్నుంచి అవ్వను స్కూలు గేటు దగ్గరికి రావద్దనేదాన్ని. ఇప్పుడు ఆ గోళ్ళే మా ప్రాజెక్టు.

ఆదివారం సార్ మా ఇంటికే వచ్చినారు. అవ్వ కుర్చీ తుడిచి వేసి, తను గోడకు ఆనుకుని నిలబడింది. "నాకేం తెలుసు అయివోరూ, మేస్త్రి చెప్పినట్టు చేస్తా" అనింది. అంటూనే రెండు గంటలు చెప్పింది.

గాడా అనే ముతక నూలుగుడ్డను మొదట పేడనీళ్ళలో నానేసి, ఏటిలో జాడించి, ఇసకలో ఎండేసి, మళ్ళీ తడిపి, తెల్లగా వచ్చేదాకా ఇదే పని. మా స్వర్ణముఖిలో ఏడాదిలో చాలాకాలం ఇసకే ఉంటుంది, వానల్లో నీళ్ళు పారేటప్పుడే ఉతుకుడు సుఖం. తెల్లబడిన గుడ్డను కరక్కాయ పొడి కలిపిన గేదెపాలల్లో ముంచి, పిండి, ఆరేయాలి. చింతపుల్లల బొగ్గుతో మేస్త్రి రేఖ వేస్తాడు. ఆ తర్వాత కలం. వెదురుపుల్ల కొన చెక్కి, కాస్త పైన ఉన్ని చుట్టి దారంతో బిగిస్తే అదే కలం. ఉన్ని కసీం తాగుతుంది, వేలితో నొక్కేకొద్దీ కొనకు దించుతుంది. ఎర్రకు పటిక, పసుపుకు కరక్కాయ పువ్వు, నీలికి నీలిమందు, ప్రతిదానికీ వేరే తంతు. మేం నలుపు దగ్గరే ఆగిపోయినాం. ఎందుకంటే అవ్వ చేతిలోంచి కలం తీసుకుని నేనొక గీత గీసి చూసినా. గీసినప్పుడు అది నల్లగా లేదు. నీళ్ళ గీతలాగా, బూడిదరంగులో, పలచగా ఉంది. అయ్యో పాడుచేసినానే అనుకునే లోపల అది ముదరడం మొదలుపెట్టింది. ఎవరో లోపల్నుంచి దీపం తగ్గిస్తున్నట్టు. చూస్తూ చూస్తూ ఉండగానే కాటుకైపోయింది.

సార్ కళ్ళజోడు తీసి తుడుచుకుని మళ్ళీ పెట్టుకున్నారు. "ఇంకోటి గీయమ్మా" అన్నారు.

అరటికాయ తరిగితే కత్తిపీట ఎందుకు నల్లబడుతుందో ఆరోజే తెలిసింది నాకు. అరటికాయలో వగరు ఉంది, కరక్కాయలో అంతకు పదింతలు వగరుంది. ఆ వగరే టానిన్. కుండలో బెల్లం పులిసి మొదట సారా, ఆపైన పుల్లటి ఆమ్లం అవుతుంది. ఆ పులుపు ఇనుమును తిని నీళ్ళల్లో కరిగిస్తుంది. కరిగిన ఇనుముకు గుడ్డలోని టానిన్ తగిలి, గాలి సోకేకొద్దీ నల్లని ఫెర్రిక్ టానేట్ అవుతుంది. గాలి పని అయ్యేదాకా గీత బూడిదరంగులో ఉండేది అందుకే. అవ్వ గోళ్ళ సంగతి కూడా అదే. పొద్దున కరక్కాయ, మధ్యాహ్నం కసీం. సబ్బుతో పోయే నలుపు కాదది. నేను ఆ మాట బయటికి అనలేదు.

మూడు గుడ్డముక్కలు తీసుకోమన్నారు సార్. ఒకటి ఉత్తది, ఒకటి కరక్కాయ మాత్రమే పట్టించింది, మూడోది కరక్కాయ, పాలు రెండూ పట్టించింది. మూడింటి మీదా ఒకే కలంతో ఒకే గీత. ఉత్త గుడ్డ మీద తుప్పుమరక తప్ప ఏమీ రాలేదు. రెండోదాని మీద నలుపైతే వచ్చింది గానీ గీతకు రెండు పక్కలా మీసాలు మొలిచినాయి, సిరా దారాల వెంబడి పాకిపోయింది. మూడోదాని మీద గీత గీసినట్టే నిలబడింది. పాలలోని కొవ్వు దారాన్ని పూసేసి సిరాను పాకనివ్వదు, గేదెపాలల్లో కొవ్వెక్కువ. "సెప్టెంబరులో వినాయకుడి బొజ్జ మీద జారినదానికీ, ఇక్కడ పాకినదానికీ బంధుత్వం ఉందమ్మా" అన్నారు సార్. నాకు నిజంగా ఒళ్ళు జలదరించింది. సైన్సులో ఒక పాఠానికీ ఇంకో పాఠానికీ చుట్టరికం ఉంటుందని అంతవరకూ ఎవరూ చెప్పలేదు.

ఇక చార్టులు. రెండు డ్రాయింగు షీట్లు, చుట్టూ స్కేలుతో బార్డరు, స్కెచ్ పెన్నులతో ఉద్దేశం, పరికరాలు, విధానం, పరిశీలన. అడుగున మా పేర్లు, సార్ పేరు, స్కూలు పేరు. దీన్ని గురించి ఇంక చెప్పేదేం లేదు, ఎవరి చార్టైనా ఒకటే.

ఫెయిర్‌కు మా సొంత కసీం అని అవ్వ ఒక చిన్నకుండ పెట్టిచ్చింది, ఇంట్లో వాడుకునే బెల్లంలోంచి అరకిలో తీసి. ఆ ఏడు వానలు, చలి. కుండ పులవడం నత్తనడకన సాగింది. బయల్దేరే రోజుకు కూడా మీద నురుగు ఉంది. అవ్వ గుడ్డ విప్పి చూసి, "నురుగు ఇంకా చావలా. ఇంకో నాలుగు రోజులు పట్టాల" అనింది. ఫెయిర్ నాలుగు రోజులు ఆగదు కదా. సరే, తీసుకుపోతే పోండి గానీ మూత బిగించొద్దు, గుడ్డ కట్టండి అనింది. గుడ్డ కడితే బస్సులో ఒలకదా? మేం తెలివైనవాళ్ళం. ఆసుపత్రిలో పనిచేసే మా మామను అడిగి ఖాళీ సెలైన్ గాజుసీసా తెచ్చి, కసీం నింపి, రబ్బరు బిరడా అరచేత్తో గుద్ది గుద్ది దించినాం.

కాళహస్తి నుంచి తిరుపతికి నలభై కిలోమీటర్ల లోపే. బస్సు నిండా జనం, సగంమంది కొండకు పోయేవాళ్ళు. సార్ మా ముందు సీట్లో, ఆరోజుకని ఇస్త్రీ చేయించుకున్న తెల్లచొక్కాలో. చార్టుల చుట్ట నా జోడీ ఒళ్ళో, సీసా నా ఒళ్ళో. ఏర్పేడు దాటినాక ఒక గుంతలో బస్సు ఎగిరిపడింది. ఢబ్ మని మోత. డ్రైవర్ టైరు అనుకుని బ్రేకేసినాడు. బిరడా పైకప్పుకు తగిలి ఎక్కడికో పోయింది, దాని వెనకే కసీం నురగలు కక్కుకుంటూ లేచి, సార్ భుజం మీద నుంచి జేబుదాకా చినుకులు పడ్డట్టు పడింది.

ఆ వాసనకు బస్సంతా వెనక్కి తిరిగింది. కండక్టరు తోసుకుంటూ వచ్చి, ముందు సీసాను చూసి, తర్వాత సార్‌ను చూసి, "ఏం సార్, ఆడబిడ్డల చేత కల్లు మోయిస్తా ఉండారే!" అన్నాడు.

"కల్లు కాదయ్యా, సైన్సు ఫెయిర్" అన్నారు సార్.

"సైన్సు కల్లా?"

ఎవరో ముసలాయన గోవింద గోవింద అన్నాడు. నేను ఏడుపు మొదలుపెట్టినా. సగం సీసా మిగిలింది, అది అరచేత్తో మూసుకుని కూర్చున్నా, చెయ్యి కింద బుసబుసమని ఇంకా పొంగుతూనే ఉంది. సార్ మమ్మల్ని ఒక్కమాట అనలేదు. చొక్కా మీద లేత తుప్పుమరకలు చూసుకుని, "కరక్కాయ తగల్లేదు గాబట్టి సరిపోయింది" అన్నారు. రేణిగుంటలో బస్సాగితే కిటికీలోంచి టీ అందుకున్నారు. బస్సు కదిలేటప్పుడు టీ తొణికి ఒక మరక మీద పడింది. నా కళ్ళ ముందే ఆ మరక మసక నలుపుకు తిరిగింది. టీలో కూడా వగరు ఉంది కదా. సార్‌కు చెబుదామా అనుకుని, ఈ పరిస్థితిలో వద్దులే అని ఊరుకున్నా.

ఫెయిర్ జరిగే స్కూలు పేరు వద్దులెండి. హాల్లో ఫ్యాన్లు తిరగవు, మాకిచ్చిన బల్లకు ఒక కాలు పొట్టి. చూడ్డానికి మాత్రం రెండు కళ్ళు చాలలేదు. అగ్నిపర్వతాలు నాలుగు లెక్కపెట్టినా. వినాయకుళ్ళు ఆరుగురు, పక్కనే పాలగిన్నెలు. ఆ ఏడు జిల్లాలో పిల్లలందరికీ అదే ఐడియా వచ్చింది మరి. ఒకచోట పొటాషియం పర్మాంగనేట్ మీద గ్లిజరిన్ చుక్కలేసి అగ్గిపెట్టె లేకుండా నిప్పు పుట్టిస్తున్నారు. ఇంకోచోట పసుపునీళ్ళలో సున్నం కలిపి 'నెత్తురు' చూపించి, దిష్టి తీసేవాళ్ళ గుట్టు విప్పుతున్నారు.

అందరికంటే ఎక్కువ గుంపు ఉన్నది గాదంకి రాడార్ దగ్గర. తిరుపతి నుంచి చిత్తూరు పోయే దారిలో గాదంకి దగ్గర ఎంఎస్‌టీ రాడార్ వచ్చి అప్పటికి మూడు నాలుగేళ్ళే. తిరిగే గిన్నె లాంటిది కాదది, మైదానం నిండా పాతిన యాంటెన్నాలు. మొత్తం 1024. వరసకు 32 చొప్పున 32 వరసలు. 53 మెగాహెర్ట్జ్ తరంగాలు పైకి పంపి, గాలి పొరల్లోంచి తిరిగొచ్చే బలహీనమైన ప్రతిధ్వనిని పట్టుకుని, పైన ఏ ఎత్తులో గాలి ఎటు వీస్తోందో చెబుతుంది. ఆ చుట్టుపక్కల పల్లె మగపిల్లలు ఇద్దరు దాన్ని ఈనెపుల్లలతో కట్టుకొచ్చినారు. ఊరికే అలంకారానికి పదీ ఇరవై గుచ్చలేదు. నేను అనుమానంతో ఒక వరస లెక్కపెట్టినా, ముప్ఫై రెండు. నిలువు వరస లెక్కపెట్టినా, ముప్ఫై రెండు. "నెలరోజులు పట్టింది, మా యమ్మకు రెండు చీపురుకట్టలు బాకీ" అన్నాడు వాళ్ళల్లో పొట్టివాడు. అప్పుడే అర్థమైంది ఫస్ట్ ప్రైజు ఎవరిదో.

మా బల్ల దగ్గరికి జడ్జీలు మధ్యాహ్నం మూడింటికి వచ్చినారు. ముగ్గురు. ఒకాయన యూనివర్సిటీలో కెమిస్ట్రీ చెప్పే ఆయనంట. నా జోడీ 'రెస్పెక్టెడ్ జడ్జెస్' అని మొదలుపెట్టి, 'అవర్ ప్రాజెక్ట్ ఈజ్' దాకా వచ్చి ఆగిపోయింది. వారంరోజులు బట్టీపట్టిన ఇంగ్లీషు బస్సులో బిరడాతో పాటే ఎగిరిపోయింది. నేను అందుకుందామంటే నాకూ ఏమీ రాలేదు. ఆయన బల్ల అంచు మీద కూర్చుని, "తెలుగులో చెప్పండమ్మా, నాకూ అదే సుఖం" అన్నారు.

ఇంక ఆపలేకపోయినారు నన్ను. మూడు గుడ్డముక్కలు, మీసాల గీత, గేదెపాలు, అరటికాయ, కత్తిపీట. గీత గీసి, అది ముదిరేదాకా ముగ్గురినీ కదలనివ్వలేదు. ఆయన అడిగినారు, "ఈ టానిన్ కరక్కాయలోనే ఉంటుందా, ఇంకెక్కడైనా ఉంటుందా?"

"టీలో ఉంటుంది సార్" అన్నా.

"ఎట్లా తెలుసు?"

"మా సార్ చొక్కా మీద ఉండాది."

అప్పటిదాకా సార్ ఒక ఫైలు గుండెలకు అడ్డం పెట్టుకుని స్తంభం పక్కన నిలబడున్నారు. హాల్లో ఆ పక్కంతా ఆయన వైపు తిరిగింది. ఫైలు దించక తప్పలేదు. బస్సు సంగతి నా జోడీ తెలుగులో చెప్పేసింది, కండక్టరు మాటలతో సహా. కెమిస్ట్రీ ఆయన నవ్వి నవ్వి, క్యాంటీన్ నుంచి పాలు పోయని డికాక్షన్ తెప్పించినారు. సార్ ముందుకొచ్చి భుజం వంచి, "కానీ అమ్మా, ఎట్లాగూ పోయిన చొక్కానే" అన్నారు. నేను కలం డికాక్షన్‌లో ముంచి, తుప్పుమరకల మీద ఒక్కొక్క చుక్క పెట్టినా. చేతులు వణికినాయి. ఆ వణుక్కి ఒక చుక్క జేబు మీద జారి తోకచుక్కయింది. ఒకటి నల్లబడింది. రెండోది నల్లబడింది. చుట్టూ మూగిన పిల్లకాయలు లెక్కపెట్టడం మొదలుపెట్టినారు. ఏడు.

వెనకటి రోజుల్లో ఇంకు కూడా ఇట్లాగే, ఇనుము ఉప్పుకు వగరుకాయల రసం కలిపి చేసేవారని, అది కాగితం మీద ఎండినాక నీళ్ళకు పోదని ఆయన చెప్పినారు. పోతూ పోతూ, "ఇదంతా మీకు ఎవరు నేర్పినారు?" అని అడిగినారు.

"మా సార్" అన్నా.

సార్ నా వైపు చూసినారు. ఆయనా ఏమీ అనలేదు, నేనూ దిద్దుకోలేదు. చార్టు మీద కూడా అదే కదా ఉంది.

మాకు సెకండ్ వచ్చింది. రాడార్‌కే ఫస్ట్. కాస్త కుళ్ళుకున్నా గానీ, 1024 పుల్లలు నేనైతే గుచ్చలేను. సర్టిఫికెట్‌లో నా పేరు తప్పు రాసినారు, దిద్దమని అడిగితే వచ్చే ఏడు చూద్దామన్నారు. ప్రైజు ఒక్కొక్కరికీ స్టీలు డబ్బా. మరుసటి రోజు అలిపిరి దగ్గర సైన్సు సెంటర్‌కు తీసుకుపోయినారు. అది 1993లో తెరిచింది, మాకు కొత్త. వంకర అద్దాల్లో సార్ చొక్కా మరకలు ఒక్కొక్కటీ దోసెంత అయితే పడీపడీ నవ్వినాం. అక్కడ ఇంకా చాలా చూసినాం గానీ ఆ అద్దాలే గుర్తున్నాయి. సార్ ఆ చొక్కాను పారేయలేదు. మేం పదో తరగతి పాసయ్యేదాకా వారానికోసారైనా వేసుకొచ్చేవారు. ఉతికేకొద్దీ చొక్కా పలచబడిందే గానీ మరక పలచబడలేదు.

మా అబ్బాయి ఇప్పుడు ఎనిమిదో తరగతి. వాడి స్కూల్లో ఇన్‌స్పైర్ పథకం కింద ఐడియా ఎంపికైతే పిల్లల ఖాతాలోకి పదివేలు పడతాయి. మంచిదే. దుకాణాల్లో రెడీమేడ్ ప్రాజెక్టులు కూడా దొరుకుతున్నాయి, వైరు ఎర్రదానికి ఎర్రది కలిపితే లైటు వెలుగుతుంది. నేను దాన్ని తిట్టను, మేమూ అగ్నిపర్వతాలకు చప్పట్లు కొట్టినవాళ్ళమే. కానీ దానికి వాసన లేదు.

2008లో మా ఊరి కలంకారీ కళాకారులు జొన్నలగడ్డ గురప్ప శెట్టి గారికి పద్మశ్రీ వచ్చినప్పుడు పేపర్లో ఫోటో చూసి ఊరంతా సంబరపడినాం. ఆ ఫోటో అవ్వకు చూపించాలనిపించింది. అప్పటికి అవ్వ పోయి మూడేళ్ళు.

తిరుపతి నుంచి వచ్చిన రాత్రి అవ్వ నిద్రపోకుండా కూర్చోనుంది. అన్నం పెడుతూ అడిగింది, "ఏమేం అడిగినారు?"

"నల్లగా ఎందుకొస్తుందని అడిగినారు."

"ఏం చెప్పినావు?"

ఫెర్రిక్ టానేట్ అని, మొదట్నుంచీ చివరిదాకా అప్పజెప్పినా. శ్రద్ధగా వినింది. తర్వాత బస్సు సంగతి చెప్పినా. బిరడా ఎగిరిందనగానే కొంగు నోటికి అడ్డం పెట్టుకుని నవ్వడం మొదలుపెట్టింది, కళ్ళల్లో నీళ్ళొచ్చేదాకా నవ్వింది.

"నురుగు చావలేదని చెప్తినా లేదా? ఉడుకుతా ఉండే కుండకు ఎవురైనా మూత బిగిస్తారా మే? ఆ నురుగు గురించి అడగలేదా మీ జడ్జీలు?"

"లేదవ్వా."

"అడిగుంటే ఏం చెప్పేదానివి?"

చార్టులో నురుగు గురించి ఒక్క ముక్క లేదు. పులిసేటప్పుడు గ్యాసు వస్తుందని పుస్తకంలో చదివినదాన్నే, పరీక్షలో రాసి మార్కులు తెచ్చుకున్నదాన్నే. అన్నం కలుపుకుంటూ తల దించుకున్నా.

అవ్వ స్టీలు డబ్బా చేతిలోకి తీసుకుని, మూత తీసి, లోపల వేలు పెట్టి చూసి, మళ్ళీ బిగించి, తన పెట్టె మీద పెట్టుకుంది. కరక్కాయ పొడికి సరిపోతుందంట.

"ఇది నాకిచ్చెయ్. అరకిలో బెల్లం బాకీ ఉండావు" అనింది.